బెలూన్ ఊదే చేతులు

నడుస్తున్న వర్చువల్ మెషీన్‌కి మెమరీ పెంచడం సర్వర్ అడ్మిన్‌కి పెద్ద పనేం కాదు. ఇచ్చింది వెనక్కి రాబట్టడమే అసలు విద్య. చేబదులు సంగతి అందరికీ తెలిసిందేగా!

మెషీన్ తనకిచ్చిన ర్యామ్ అంతా తనదేననుకుంటుంది. అందులో ఏ మెమరీ పేజీ పనికొచ్చేదో, ఏది ఊరికే పడి ఉందో బయట నుంచి మెషీన్లను నడిపే హైపర్‌వైజర్‌కి తెలీదు. దీనికి వీఎంవేర్ కంపెనీ వాళ్ల ఉపాయం నాకు భలే ముచ్చటేస్తుంది. 2002లో కార్ల్ వాల్డ్‌స్పర్గర్ తన పరిశోధన పత్రంలో దాన్ని వివరించాడు. లోపల బెలూన్ అనే చిన్న డ్రైవర్‌ను కూర్చోబెడతారు. అది ఉబ్బుతూ పేజీలు అడుగుతుంది. లోపలి ఆపరేటింగ్ సిస్టమే తనకు అక్కర్లేనివి ఏరి ఇస్తుంది. వాటిని హైపర్‌వైజర్ పట్టుకెళ్లి పక్క మెషీన్‌కి సర్దుతుంది. ఇంటివాళ్లచేతే అటక ఖాళీ చేయించడమన్నమాట.

అతిగా ఊదారో, లోపల పేజీల్ని డిస్క్ మీదికి తోసే స్వాపింగ్ మొదలై డేటాబేస్ నత్తనడక నడుస్తుంది. అందుకే చేయి తిరిగిన అడ్మిన్ 8 జీబీ ఒక్కసారిగా లాగడు. కాస్త ఊది, గ్రాఫ్ చూసి, టీ తాగొచ్చి మళ్లీ చూస్తాడు.

బెలూన్‌తో కాకుండా మెషీన్ నుంచి ర్యామ్ దిమ్మనే ఊడదీయడం మరీ మొండి వ్యవహారం. ఎక్స్86 లినక్స్‌లో దిమ్మ సాధారణంగా 128 ఎంబీ. కదలనని భీష్మించిన కెర్నల్ పేజీ ఒక్కటున్నా అది రాదు. తెలిసినవాళ్లు కలిపేటప్పుడే దిమ్మను కదిలే పేజీల జోన్‌లో పెడతారు. 2020లో లినక్స్ 5.8తో వచ్చిన వర్టియో-మెమ్ అనే డ్రైవర్ ఇంకా చిన్న ముక్కల్లో ఇచ్చిపుచ్చుకోనిస్తుంది.

ఇంత జరుగుతున్నా, ఆ సర్వర్‌లో టికెట్ బుక్ చేసుకుంటున్నవాడికి సీటు నంబర్ తప్ప ఇంకేం పట్టదు.