ప్రక్రియయు సిద్ధరూపమును: ఒక పియానో కన్సర్టో రిహార్సలు

వైయాకరణునకు సిద్ధరూపముకంటెఁ బ్రక్రియయందు మక్కువ యెక్కువ. పదమును బలుకుట యెల్లరకును సాధ్యమే. అది యే ప్రకృతికి నే ప్రత్యయము చేరి, యే యాదేశముచే నేర్పడెనో చూపుట శాస్త్రము. ఈ యలవాటు సంగీతవిమర్శమునకును బనికివచ్చునని నాకు గతవత్సరము బోధపడెను.

మా యూరు తడ. అమెరికాలోని బోస్టను నగరమున మా కుమార్తె యింట నుండఁగా, ఆమె నన్నొక సంగీతవిద్యాలయమునకుఁ దోడ్కొనిపోయెను. నాఁటి యుదయమున నచ్చటి వాద్యబృందమువారి రిహార్సలు. శ్రోతలకుఁ బ్రవేశము కలదు. కృతి గ్యోర్గి లిగెటి (1923–2006) రచించిన పియానో కన్సర్టో. కన్సర్టో యనఁగా నొక ప్రధానవాద్యమును బృందమున కెదురుగా నిలిపి నడపెడి రచన. ట్రాన్సిల్వేనియాలో హంగేరియను యూదుల యింటఁ బుట్టి, 1956లో హంగరీని విడిచిపోయిన యీ కర్త 1985 మొదలు 1988 వఱకు దీనిని రచించెను.

మొదటిభాగ మారంభింపఁగనే నాకుఁ గలిగిన యభిప్రాయమును దాఁచను. తాళము వేయఁబోయిన చేయి మూఁడవ దెబ్బకే తప్పెను. “ఇది గందరగోళము” అను మాట నోటివఱకు వచ్చెను.

అంతలో నిర్వాహకుఁడు చేయెత్తి యాపెను. ఒక పక్షమువారిని మాత్రమే వాయింపుఁడనెను: స్పష్టమైన త్ర్యశ్రగతి. పిదప రెండవ పక్షమువారిని: అంతే స్పష్టమైన చతురశ్రగతి. లిగెటి యీ భాగమును రెండు తాళములలో నేకకాలమున వ్రాసెను. పాశ్చాత్యుల లేఖనమున నొకటి 12/8, మఱియొకటి 4/4. దెబ్బలు నాలుగే, ప్రతిదెబ్బను ఒకరు మూఁడుగా, నొకరు రెండుగా విఱుతురు. పియానో వాయించు నామె కుడిచే యొక పక్షమునను, నెడమచేయి యింకొక పక్షమునను జేరియుండును. ఆమెయు నొక్కొక్క చేతిని వేఱుగ వాయించి చూపెను. ఇది పదచ్ఛేదము గాక మఱేమి? మరల నందఱుఁ గూడి వాయింపఁగా నాకు రెండుగతులును వినఁబడెను. వేగము హెచ్చింపఁగాఁ దప్పిపోతిని; కాని యీమాఱు పోఁగొట్టుకొన్నదేదో యెఱుఁగుదును.

పింగళి సూరన రాఘవపాండవీయము నెఱిఁగిన తెలుఁగువారికి జంటనడక క్రొత్త కాదు. అయినను భేదము కలదు. ద్వ్యర్థికావ్యమున శబ్ద మొకటి, అర్థములు రెండు. ఇందుఁ గాల మొకటి, శబ్దములు రెండు. రెండును జెవినే తాఁకును. కావ్యమునఁ జదువరి యాగి యాలోచింపవచ్చును, సంగీత మాగదు. రిహార్సలులో మాత్రమే యాగును. కావున నిట్టి కృతికి నదియే వ్యాఖ్యానము. మా తడ యంగడిలోఁ దెలుఁగును దమిళమును నొక్కసారిగ వినఁబడును. రెండును దెలిసినవానికి నది సంభాషణము, తెలియనివానికి రొద.

దోషముఁ జెప్పవలెనన్న నొకటి కలదు. మన తాళమున నెన్ని గతిభేదములు చేసినను, సమమునఁ గలసి శ్రోతకు విశ్రాంతి దొరకును. ఇందు నా చెవికట్టి విశ్రాంతిస్థానము చిక్కలేదు. నిదానముగ నడచు రెండవభాగము దానికిఁ బ్రాయశ్చిత్తమువలె నుండెను: సన్నని పికొలో మంద్రమునను, బొంగురు బసూను తారమునను బలుకఁగా, రెండును దమ గొంతులు మార్చుకొని విలపించినట్లు తోఁచెను.

ఈ కృతి చరిత్రయే యొక పాఠము. 1986లో గ్రాట్సు నగరమున మొదటి మూఁడు భాగములే వినిపింపఁబడెను. విన్నపిదప మూఁడవభాగము ముగింపునకుఁ జాలదని కర్తయే తలఁచి, మఱి రెండింటిని జేర్చెను. 1988లో వియన్నా నగరమున నైదుభాగములును వినఁబడెను. కర్తకే వినినఁగాని తెలియనిది శ్రోతకు నొక్కమాటున తెలియునా?

పండ్రెండేండ్ల క్రిందట నొక యువకుఁడు తన పద్యములను నాకుఁ జదివి వినిపించెను. వృత్తపాదములలో జానపదగేయపు దరువు వినఁబడునట్లు కూర్చియుండెను. నేనొక్కమాఱు విని, యతి నిలిచినను నడక చెడినదనియు, నచ్చునకుఁ దగదనియు వ్రాసితిని. గణములు వేఱుగను, దరువు వేఱుగను జదువుమని యడుగనైతిని. ఆతఁడు పిదపఁ బద్యము వ్రాసినట్లు వినలేదు. బోస్టనునుండి వచ్చినపిమ్మట, వ్రాఁతప్రతి యున్నచోఁ బంపుమని యాతనికి లేఖ వ్రాసితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు.

విద్యార్థుల పద్యములను దిద్దెడి యుపాధ్యాయులకు నా విన్నప మొక్కటే: ఛందోభంగమని యెఱ్ఱగీఁత గీయుటకు ముందు, పదచ్ఛేదము చేయించి మఱియొకమాఱు వినుఁడు.