ఒక్క ట్యాంకా, రెండా? ఎడారి దారిలో పికప్ డీజిల్ లెక్క

పికప్ బండికి పెద్ద ఇంధన ట్యాంకు బిగించుకోవాలనుకునేవాళ్లు ముందుగా లీటర్లు లెక్కపెడతారు. 80 కన్నా 140 మేలు, 140 కన్నా 200 మేలు అనుకుంటారు. ఈ లెక్క సగం దూరమే తీసుకెళ్తుంది. ఆ డీజిల్ బరువు బండి మీద ఎక్కడ పడుతోంది? దారిలో ఏదైనా పాడైతే చేతిలో ఎంత మిగులుతుంది? ట్యాంకు మంచిచెడ్డలు ఈ రెండు ప్రశ్నలతోనే తేలాలి.

ఈ ప్రశ్నలకు ఆస్ట్రేలియా కన్నా గట్టి పరీక్ష పెట్టే చోట్లు తక్కువ. అక్కడ పికప్‌ను యూట్ అంటారు. టయోటా హైలక్స్ యూట్‌కు కంపెనీ ఇచ్చేది 80 లీటర్ల ట్యాంకు. దాన్ని పెంచుకోవడానికి రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, కంపెనీ ట్యాంకు విప్పేసి అదే చోట దాదాపు 140 లీటర్లు పట్టేది బిగించడం; ఇది మార్పిడి ట్యాంకు. రెండోది, కంపెనీ ట్యాంకును ముట్టుకోకుండా వెనక, స్టెప్నీ వేలాడే చోట మరో ట్యాంకు చేర్చడం; ఇది చేర్పు ట్యాంకు. టయోటా కూడా ఈ రెండు దారుల్లోనూ నడిచింది. ల్యాండ్ క్రూజర్ 70 శ్రేణిలో 79 పికప్‌కు 130 లీటర్ల ఒకే ట్యాంకు ఇచ్చింది. అదే శ్రేణిలోని ట్రూప్ క్యారియర్‌కు 90 లీటర్లవి రెండు ఇచ్చింది. కాబట్టి దేన్నీ చూడగానే కొట్టిపారేయలేం.

ముందు బరువు సంగతి. లీటరు డీజిల్ సుమారు 840 గ్రాములు తూగుతుంది. 60 లీటర్లు అదనంగా పోస్తే 50 కిలోలు పెరిగినట్టే. మార్పిడి ట్యాంకులో ఈ 50 కిలోలు రెండు ఇరుసుల నడుమ ఉంటాయి కనుక ముందు చక్రాలకూ కొంత వాటా పడుతుంది. చేర్పు ట్యాంకులో అవి వెనక ఇరుసు దాటి వేలాడతాయి. హైలక్స్ చక్రాల మధ్య దూరం 3,085 మిల్లీమీటర్లు. వెనక ఇరుసుకు ఒక మీటరు అవతల 50 కిలోలు పెడితే ఆ ఇరుసు మీద పడే భారం 66 కిలోలవుతుంది. ముందు ఇరుసు మీద 16 కిలోలు తగ్గుతుంది. ఇప్పటికే వెనక సామాన్లూ నీళ్ల డబ్బాలూ మోస్తున్న బండికి ఇది చిన్న విషయం కాదు. లీఫ్ స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగు తేలికవుతుంది, గతుకుల్లో వెనక భాగం ఊగుతుంది. పైగా అక్కడ ఉండే స్టెప్నీని సామాన్లు పెట్టే తొట్టిలోకో వెనక బంపరు మీదికో మార్చాలి. బంపరు మీద పెడితే ఆ బరువు ఇంకా వెనక్కి జరుగుతుంది. ఈ పరీక్షలో మార్పిడి ట్యాంకుదే స్పష్టంగా పైచేయి.

నిర్మాణంలోనూ అంతే. మార్పిడి ట్యాంకుకు ఒకటే పంపు, ఒకటే గేజి, ఒకటే మూత. చేర్పు ట్యాంకుకు మరో నింపే గొట్టం, గాలి బయటికి పోయే మరో బ్రీదర్ గొట్టం, వెనక నుంచి ముందుకు డీజిల్ తోసే పంపు, దానికి వైర్లు, స్విచ్ కావాలి. మట్టిరోడ్డు అలలు అలలుగా గట్టిపడిన చోట గంటల తరబడి ఊగే బండిలో ప్రతి అదనపు క్లిప్పూ, ప్రతి వైరు అతుకూ వదులయ్యే అవకాశం ఉన్నదే. ఆ పంపు ఆగిపోతే వెనక ట్యాంకులోని డీజిల్ ఉండీ లేనట్టే.

ఇక రెండో ట్యాంకు అసలు బలం దగ్గరికి వద్దాం. మారుమూల ఊళ్లలో పోయించుకున్న డీజిల్‌లో నీళ్లో చెత్తో కలిసి ఉంటే, నేటి కామన్ రైల్ ఇంజన్ల ఇంజెక్టర్లు తట్టుకోలేవు. వాటిలో పీడనం వేల బార్ల స్థాయిలో ఉంటుంది. అంత సన్నని పనితనానికి నీటి చుక్క కూడా శత్రువే. ఒకే ట్యాంకులో చెడ్డ డీజిల్ పడితే పాతదీ కొత్తదీ కలిసి మొత్తం పాడవుతుంది. రెండు ట్యాంకులుంటే ఒకటి పాడైనా మరొకటి నమ్ముకోవచ్చు. రాయి తగిలి వెనకది కారినా ముందుది ఇంటికి చేరుస్తుంది. ఈ మెచ్చుకోలుకు ఒక షరతుంది. ఖాళీ అయిన రెండో ట్యాంకు ఎవరినీ కాపాడదు. రెండూ అడుగంటాక ఒకే పంపు దగ్గర రెండూ నింపితే, రెండింటిలోనూ అదే డీజిల్. రక్షణ కావాలంటే ఒక దానిలో పాత డీజిల్ కొంత మిగిల్చి, తాళం వేసినట్టు కాపాడుకోవాలి. ఈ క్రమశిక్షణ లేకపోతే రెండో ట్యాంకు ఉత్త బరువే.

ఇప్పుడు ఈ రెంటినీ దారుల మీద పెట్టి చూద్దాం. సింప్సన్ ఎడారిలో మౌంట్ డేర్ నుంచి బర్డ్స్‌విల్ దాకా సుమారు 500 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి నాగపూరు వెళ్లేంత దూరం, నడుమ ఒక్క బంకు లేకుండా, వెయ్యికి పైగా ఇసుక దిబ్బలు ఎక్కి దిగుతూ. దిబ్బల మీద వంద కిలోమీటర్లకు 20 లీటర్లు తాగుతుందని లెక్కేసుకున్నా 100 లీటర్లు చాలు. కంపెనీ 80 చాలదు. మార్పిడి ట్యాంకు 140 సరిపోయి, దారి తప్పినా వెనక్కి తిరగాల్సి వచ్చినా 40 మిగులుతుంది. ఇక్కడ రెండో ట్యాంకుకు పనే లేదు.

కానింగ్ స్టాక్ రూట్ కథ వేరు. ఆల్‌ఫ్రెడ్ కానింగ్ 1906–07లో సర్వే చేసి, 1908 నుంచి 1910 దాకా బావులు తవ్వించిన పశువుల దారి అది. విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా దాదాపు 1,850 కిలోమీటర్లు. నడుమ కునావర్రిట్జి దగ్గర డీజిల్ దొరుకుతుంది, కానీ విలూనా నుంచి అక్కడికే సుమారు 1,000 కిలోమీటర్లు. అదే లెక్కన 200 లీటర్లు కావాలి. మార్పిడి ట్యాంకు ఒక్కటే చేతులెత్తేసే చోటు ఇది. 80 లీటర్ల కంపెనీ ట్యాంకుకు వెనక మరో 60 చేర్చినా వచ్చేది అదే 140. కనుక ఇక్కడ కూడా రెండో ట్యాంకు గెలవలేదు. 140 లీటర్ల మార్పిడి ట్యాంకు, దానికి తోడు 20 లీటర్ల డీజిల్ క్యాన్లు మూడు ఉంటేనే ఈ దారికి లెక్క కుదురుతుంది.

క్యాన్లను చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నిండు క్యాన్ ఎత్తడం నడుముకు కష్టమే. పోసేటప్పుడు దుమ్ము పడకుండా చూసుకోవాలి, కూర్చునే చోట ఎప్పుడూ పెట్టకూడదు. అయినా అవి రెండో ట్యాంకు చేయలేని పని చేస్తాయి. తొట్టి ముందు గోడకు ఆనించి కడితే బరువు వెనక ఇరుసు దాటదు. ఖాళీ అయ్యాక ఆ భారం బండి మీద ఉండదు. పర్యటన ముగిశాక బండి మామూలుగా మిగులుతుంది. దారి లెక్కకు పైన మరో క్యాన్‌ను తీసుకెళ్లి ముట్టకుండా ఉంచితే, వేరుగా ఉన్న స్వచ్ఛమైన డీజిల్ అనే భరోసా కూడా దక్కుతుంది. రెండో ట్యాంకులో మెచ్చుకోదగిన ఒకే ఒక్క గుణాన్ని, దాని బరువు దోషం లేకుండా క్యాన్లు ఇస్తున్నాయి.

మార్పిడి ట్యాంకు ఎంచుకున్నంత మాత్రాన పని తీరిపోదు. ఉక్కుదా, పాలీఎథిలీన్‌దా అన్నది మరో ప్రశ్న. అల్యూమినియం పూత పూసిన ఉక్కుకు సొట్ట పడుతుంది. పగిలితే ఆవిర్లు పూర్తిగా పోగొట్టాక పనివాడు వెల్డింగ్ చేయగలడు. పాలీఎథిలీన్ తుప్పు పట్టదు, ఛాసిస్ వంపుల్లో ఒదిగేలా పోతపోయొచ్చు, కానీ పగిలితే దారిలో బాగుచేయడం కష్టం. సముద్రం పక్కన తిరిగే బండికి పాలీఎథిలీన్, మారుమూల వర్క్‌షాపుల మీదే ఆధారపడే బండికి ఉక్కు నప్పుతాయి. ఏది బిగించినా మూడు పనులు తప్పవు. డీజిల్ మట్టం చూపే ఫ్లోట్ కొలత కొత్త ట్యాంకు లోతుకు కుదరాలి, లేకపోతే డ్యాష్‌బోర్డు చెప్పే మిగులు దూరాన్ని నమ్మలేం. బ్రీదర్ గొట్టం వంగకుండా పైకి వెళ్లాలి, లేకపోతే బంకులో నాజిల్ మాటిమాటికీ ఆగిపోతుంది. నిండు ట్యాంకుతో, మనుషులతో, సామాన్లతో బండిని కాటా ఎక్కించి, అనుమతించిన మొత్తం బరువు దాటలేదని చూసుకోవాలి. హైలక్స్ డబుల్ క్యాబ్‌కు ఆ హద్దు మూడు టన్నులకు కాస్త పైన. నలుగురు మనుషులు, నీళ్లు, గుడారం, వించి చేరితే ఆ హద్దు తొందరగానే దగ్గరపడుతుంది.

ట్రూప్ క్యారియర్‌కు రెండు ట్యాంకులు ఒప్పుతాయి. ఆ బండిని గీసినప్పుడే వాటికి చోటూ, బరువుకు లెక్కా ఉన్నాయి. హైలక్స్ లాంటి పికప్‌కు వెనక వేలాడదీసే రెండో ట్యాంకు ఆ లెక్కలో లేని భారం. అందుకే ఇరుసుల మధ్య ఒకే మార్పిడి ట్యాంకు, కానింగ్ లాంటి దారికి మాత్రం క్యాన్లు అన్నదే నా తీర్పు. లీటర్లు కొనేముందు దారి పొడవు కొలవండి, తర్వాత బండిని తూచండి. ఆ రెండు అంకెలు కలిసే చోట సరైన ట్యాంకు దొరుకుతుంది.