చివరి పేజీ ముందే చదివేవాళ్ళు

మా అమ్మ అద్దె పుస్తకాల షాపు నుంచి నవల తెచ్చుకుంటే, ముందు చివరి పేజీ తీసి చూసేది. ఇద్దరూ ఒకటయ్యారని రూఢి చేసుకున్నాకే మొదటి పేజీకి వచ్చేది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నాకిది పెద్ద జోకు. "అంతా తెలిసిపోయాక ఇంకేం చదువుతావే?" అని ఏడిపించేవాణ్ణి. "కలుస్తారని తెలిస్తేనే కదరా, నిమ్మళంగా ఏడవొచ్చు" అనేది. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. నేను అప్పుడు 'సీరియస్' సాహిత్యం చదువుతున్నాను మరి.

చాలా ఏళ్ళ తర్వాత, నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు, బయట వరండాలో ఇనప కుర్చీల మీద పదకొండు రోజులు కూర్చున్నాను. బ్యాగులో ఒక మంచి నవల ఉంది, బహుమతి వచ్చిన నవల. రెండు పేజీలు దాటలేకపోయాను. ఏం జరగబోతోందో తెలియని కథ ఒకటి అప్పటికే లోపల నడుస్తోంది, ఇంకోటి మోసే ఓపిక లేదు. ఫోన్లో ఎప్పుడో కొనిపెట్టుకున్న ఒక రొమాన్స్ నవల తెరిచాను. అది మాత్రం చదవగలిగాను. నాన్న ఇంటికి రాలేదు. ఆ తర్వాత కొన్ని నెలల పాటు నేను చదివినవన్నీ దాదాపు అవే.

'తప్పించుకోవడానికి చదివావు' అనొచ్చు ఎవరైనా. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అలా చదివినవాటిలో కొన్ని పుస్తకాలు ముగించాక కడుపు నిండినట్టుండేది. కొన్ని ముగించాక చిప్స్ ప్యాకెట్ ఖాళీ చేసినట్టుండేది. రెండు రకాల్లోనూ ముగింపు ఒకటే, ఇద్దరూ కలుస్తారు. మరి తేడా ఎక్కడుంది? ఈ వ్యాసం ఆ తేడా గురించే.

రొమాన్స్ అనే జాతికి నియమాలు చాలా తక్కువ. కథకు కేంద్రం ప్రేమ అయివుండాలి. ముగింపు ఆశ కలిగించేదిగా ఉండాలి. ఈ రెండోది పాఠకులకు రచయిత ఇచ్చే మాట. హత్య కేసు నవలలో చివరికి హంతకుడు దొరకాలన్నంత ఖచ్చితమైన మాట. జానిస్ రాడ్‌వే 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' అనే పుస్తకం వేసింది. అమెరికాలో ఒక ఊళ్ళోని రొమాన్స్ పాఠకురాళ్ళతో కూర్చుని మాట్లాడి రాసిన పుస్తకం అది. ఆ ఊరికి స్మిత్‌టన్ అని మారుపేరు పెట్టింది. ఆ ఆడవాళ్ళలో కూడా కొందరు కొనేముందు చివరి పేజీలు చూసుకునేవాళ్ళట. అది చదివినప్పుడు మా అమ్మకు అంత దూరంలో చుట్టాలు దొరికినట్టనిపించింది.

ముగింపు తెలిసిపోయింది కాబట్టి ఉత్కంఠ ఇంకెక్కడో పుట్టాలి. పమేలా రెగిస్ అనే విమర్శకురాలు 2003లో రొమాన్స్ నవల నిర్మాణం మీద రాసిన పుస్తకంలో ప్రతి రొమాన్స్‌లోనూ ఉండే ఎనిమిది అంశాలు చెబుతుంది. కలవడం, ఆకర్షణ, అడ్డంకి, ప్రేమ చెప్పుకోవడం, ఇక అంతా పోయిందనిపించే ఘట్టం వగైరా. నా చదువు అనుభవంలో వీటిలో పుస్తకాన్ని నిలబెట్టేదీ కూల్చేదీ ఒకటే, అడ్డంకి. ఇద్దరూ ఎందుకు కలవరో రచయిత నన్ను నమ్మించగలిగితేనే, ఎందుకు కలిశారో నమ్ముతాను.

దీనికి నేనొక పరీక్ష పెట్టుకున్నాను. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అడ్డంకి అడ్డంకే కాదు. ఆమె అతన్ని వేరే అమ్మాయితో చూస్తుంది, ఆ అమ్మాయి అతని చెల్లెలు. ఇలాంటివి. "ఆవిడెవరు?" అని అడిగితే నవల నూటయాభయ్యో పేజీలో అయిపోతుంది. మూడొందల దాకా లాగాలి కాబట్టి అడగదు. అంటే అడగనిది పాత్ర కాదు, రచయిత్రి. పాఠకుడికి ఆ సంగతి తెలిసిపోతుంది. చిప్స్ ప్యాకెట్ రకం పుస్తకాలన్నీ దాదాపు ఈ పరీక్షలో ఫెయిలైనవే.

హెలెన్ హోయాంగ్ 'ది కిస్ కోషెంట్' (2018) ఈ పరీక్షలో బాగా నెగ్గుతుంది. స్టెల్లా ఎకనామెట్రిక్స్ నిపుణురాలు, ఆటిజం ఉన్న మనిషి. లెక్కలతో ఉన్నంత సుఖంగా మనుషులతో ఉండలేదు. తనకు చేతకానిది నేర్చుకోవాలని మైకేల్ అనే ఎస్కార్ట్‌కి డబ్బులిచ్చి పాఠాలు చెప్పమంటుంది. 'ప్రెటీ ఉమన్' సినిమా కథను తిరగేసినట్టుంటుంది. వినడానికి ఇది కావాలని పుట్టించిన తమాషా సెటప్ లాగే ఉంటుంది. కానీ అడ్డంకి సెటప్‌లో లేదు. తాను రిపేరు చేయాల్సిన మనిషినని స్టెల్లా గట్టిగా నమ్ముతుంది. తండ్రి చేసిన మోసాల నీడలో, అప్పుల్లో, తనకు ఏ విలువా లేదని మైకేల్ నమ్ముతాడు. ఇవి ఫోన్లో తీరేవి కావు. అవతలివాళ్ళు వందసార్లు 'నువ్వు బాగున్నావు' అన్నా, ఇవతల అది దిగే చోటుండాలి కదా. వాళ్ళిద్దరూ కలవాలంటే ఎన్నాళ్ళుగానో మోస్తున్న ఒక నమ్మకాన్ని ఒక్కొక్కరూ వదులుకోవాలి. ఆ వదులుకోవడమే వాళ్ళు చెల్లించే ధర. తృప్తి అంటే నాకు ఆ ధర కళ్ళారా చూడటమే.

ధర మాట వచ్చింది కాబట్టి అందరూ మెచ్చుకునే ఒక పుస్తకం మీద నా ఫిర్యాదు కూడా చెప్పేస్తాను. శాలీ థార్న్ 'ది హేటింగ్ గేమ్' (2016). లూసీ, జాషువా ఒక పబ్లిషింగ్ కంపెనీలో ఎదురెదురు డెస్కుల్లో కూర్చుని ఒకర్నొకరు దెప్పుకుంటూ ఉంటారు. ఇద్దరికీ కలిపి ఒకే ప్రమోషన్ ఊరిస్తూ ఉంటుంది. ఆ దెప్పుళ్ళు ఎంత బాగుంటాయో! అతను తన పడగ్గది గోడకు ఆమె కళ్ళ రంగే వేయించుకున్నాడని బయటపడే చోట, చదివినదంతా మళ్ళీ మొదటి నుంచీ చదవాలనిపిస్తుంది. కథ మనకు లూసీ కళ్ళతోనే అందుతుంది. ఆమె అపార్థం చేసుకున్నవన్నీ రెండోసారి చదివేటప్పుడు ప్రేమగా కనబడతాయి. అంతవరకూ బ్రహ్మాండం.

కానీ చివర్లో జాషువా రాజీనామా చేసి వేరేచోటికి వెళ్ళిపోతాడు. పోటీ రద్దయిపోతుంది. నిజంగా మంచి ప్రశ్న ఒకటి అక్కడుంది. ఇద్దరూ కావాలనుకునే కుర్చీ ఒక్కటే ఉన్నప్పుడు, గెలిచినవాళ్ళనీ ఓడినవాళ్ళనీ ఆ ప్రేమ తట్టుకోగలదా? మా ఆఫీసుల్లో అప్రైజల్ సీజన్లో ఒకే టీంలో ఉన్న జంటలను చూసినవాళ్ళకు ఈ ప్రశ్న బరువెంతో తెలుసు. పుస్తకం ఆ ప్రశ్నకు జవాబు రాయకుండా ప్రశ్నపత్రం మార్చేసింది. బగ్ ఫిక్స్ చేయకుండా ఆ ఫీచరే తీసేయడం మేము చేసే పని. నవ్వుతూ ముగించాను కానీ ఎక్కడో బాకీ మిగిలిపోయింది.

అడ్డంకి గురించి తెలుగు పాఠకులకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పనిలేదు. మా అమ్మ తరానికి యద్దనపూడి సులోచనారాణి ఉంది. 'సెక్రటరీ' గురించి ఇప్పుడు మాట్లాడేవాళ్ళు ఎక్కువమంది రాజశేఖరం ఒడ్డూ పొడుగూ, కారూ గురించే నవ్వుతూ మాట్లాడతారు. నేనూ నవ్వాను. ఈమధ్య మళ్ళీ చదివితే నాకు కనబడింది జయంతి. జీతమిచ్చేదీ అతనే, మనసిస్తానంటున్నదీ అతనే అయినప్పుడు, తన అభిమానం ఎక్కడ నిలబెట్టుకోవాలన్నది ఆమె సమస్య. ఉద్యోగాలకు బయల్దేరుతున్న మధ్యతరగతి ఆడపిల్లలకు 1960లలో అది కల కాదు, రోజువారీ లెక్క. ఆ నవలలోనూ నోరు విప్పితే తీరిపోయే అపార్థాలు బోలెడు, నా ఫోన్ కాల్ పరీక్షలో దానికి ఫుల్ మార్కులు రావు. కానీ అపార్థాలన్నీ తీసేసినా ఆ అంతరం అక్కడే ఉంటుంది. 1976లో సినిమా అయిన తర్వాత కూడా ఆ నవలను మళ్ళీమళ్ళీ అచ్చేసుకున్నది ఒక్క కారు కోసమే అనుకుంటే, ఆ పాఠకురాళ్ళను మనం తక్కువ చేస్తున్నట్టే.

ఇంతదాకా అడ్డంకి గురించి చెప్పాను. కానీ నాన్న పోయాక నన్ను పీడించిన ప్రశ్న వేరేది. సుఖాంతం అబద్ధం కదా? వరండాలో కూర్చుని చదువుకున్న మాట వరండాలో నిలబడలేదు. మరి ఆ మాట మీద కట్టిన సాహిత్యాన్ని నేనెలా గౌరవించాలి?

దీన్ని నాకంటే బాగా అడిగిన పుస్తకం ఒక రొమాన్స్ నవలే. ఎమిలీ హెన్రీ 'బీచ్ రీడ్' (2020). జానువరీ ఆండ్రూస్ రొమాన్స్ రచయిత్రి. తండ్రి చనిపోతాడు. ఆయనకు ఇంకో స్త్రీతో సంబంధం ఉందని అంత్యక్రియల దగ్గర తెలుస్తుంది. తల్లి క్యాన్సర్‌తో పోరాడిన ఇల్లు అది. తన అమ్మానాన్నల ప్రేమను చూసే ఆమె సుఖాంతాలు రాయడం నేర్చుకుంది. ఇప్పుడు ఒక్క వాక్యం కదలదు. తండ్రి వదిలివెళ్ళిన మిచిగన్ సరస్సు ఒడ్డు ఇంటికి, అది అమ్మేద్దామని చేరుతుంది. పక్కింట్లో గస్, కాలేజీ నాటి ప్రత్యర్థి, విషాదాంత 'సాహిత్య' నవలలు రాసేవాడు. ఇద్దరూ పందెం వేసుకుంటారు. ఆమె అతని తరహాలో రాయాలి, అతను ఆమె తరహాలో.

ఈ పందెం పైకి సరదాయే. కానీ జానువరీ అడ్డంకి గస్ కాదని త్వరలోనే అర్థమవుతుంది. ఆమె దగ్గర తండ్రి రాసి పెట్టిన ఉత్తరం ఒకటి ఉంటుంది. విప్పదు. విప్పితే ఆయన మీద కోపం పోవచ్చు, లేదా ప్రేమ పోవచ్చు. రెంటికీ సిద్ధంగా లేదు. ప్రేమ నమ్మదగినదేనా అన్న ప్రశ్న ఆ కవర్లో ఉండిపోయినంత కాలం పక్కింటి మనిషి ఎంత మంచివాడైనా ప్రయోజనం లేదు. ఇది ఫోన్ కాల్‌తో తీరదు. ఫోన్ చేయాల్సిన మనిషే లేడు.

ఈ నవలకు లోపాలున్నాయి. చివరి భాగంలో గస్ మాజీ భార్య వచ్చే మలుపు, ఈ జాతి నవలలన్నిటికీ తప్పనిసరైన 'విడిపోయే ఘట్టం' కోసం పెట్టినట్టే అనిపిస్తుంది. కానీ ముగింపులో హెన్రీ చేసిన పని నాకు చాలా నచ్చింది. గస్, జానువరీ ఒకటవుతారు, ఇచ్చిన మాట నెరవేరుతుంది. తండ్రి మాత్రం నిర్దోషిగా తేలడు. ఆయన చేసింది చేసినట్టే ఉంటుంది, పోయినవాడు పోయినట్టే ఉంటాడు. ఆమె ఆయన్ని పూర్తిగా అర్థం చేసుకోదు, అయినా ప్రేమించడం మానదు. సుఖాంతం కథలో ఒక గదికి మాత్రమే దీపం పెట్టింది, మిగిలిన ఇల్లు చీకటిగానే ఉంచింది.

అప్పుడు నాకు రెండో పరీక్ష దొరికింది. ఇద్దరూ కలిశాక కూడా తీరనిది ఏదైనా మిగిలిందా? అన్నీ తీర్చేసే నవలలుంటాయి. అప్పు తీరుతుంది, తల్లికి జబ్బు నయమవుతుంది, పడని అత్తగారు కూడా నవ్వుతుంది. అవి నాకు రుచించవు. ప్రేమను అన్ని రోగాలకూ మందు చేసిన చోట ప్రేమ మీదే నమ్మకం పోతుంది. మంచి రొమాన్స్ ఇచ్చే మాట చాలా చిన్నది. లోకం బాగుపడుతుందని అది చెప్పదు. ఈ ఇద్దరూ ఒకరికొకరు ఉంటారు, అంతే. ఆ చిన్న మాట నిలబెట్టుకుంటుంది కాబట్టే మిగతా పెద్ద కష్టాలను తలుపులు తీసి లోపలికి రానిస్తుంది.

అందుకే 'తప్పించుకోవడం' అన్న మాట నాకిప్పుడు సరిపోదు. వరండాలో ఆ బహుమతి నవల నన్ను చావు వైపు చూడమంది, చూడలేకపోయాను. తండ్రి చావు గురించిన 'బీచ్ రీడ్'ని, నాన్న పోయిన నాలుగో నెలలో, మొదటి నుంచి చివరిదాకా చదవగలిగాను. పట్టుకోవడానికి ఒక కొస ఉంది కాబట్టి లోపలికి దిగగలిగాను. రాడ్‌వే చివరికి, ఈ నవలలు ఆడవాళ్ళ అసంతృప్తికి ఊరట ఇచ్చి ఉన్న పరిస్థితితో సర్దుకుపోయేలా చేస్తాయేమోనని సందేహిస్తుంది. ఆ సందేహం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఊరట లేకుండా ధైర్యం ఎక్కడినుంచి వస్తుందో కూడా ఎవరైనా చెప్పాలి.

పోయిన నెల ఇంటికి వెళ్ళినప్పుడు 'బీచ్ రీడ్' కథ అమ్మకు తెలుగులో చెప్పాను. తండ్రి సంగతి రాగానే ఆగమంది. "ముందు ఇది చెప్పు, ఆ పిల్లా ఆ పిల్లాడూ కలుస్తారా?"

కలుస్తారని చెప్పాను. "అయితే ఇప్పుడు చెప్పు వాళ్ళ నాన్న గురించి" అంది. చెప్పాను. ఇద్దరం ఏడ్చాం, నాన్న పోయాక కలిసి ఏడవడం అదే మొదటిసారి.