టీకా ఎందుకు రాలేదో చెప్పే పుస్తకం
(ముందుమాట)

హెచ్‌ఐవీ మీద తెలుగులో నేను చదివిన పుస్తకాలు చాలావరకు జాగ్రత్తలు చెప్పి ఆగిపోయాయి. ఈ పుస్తకం వైరస్ ఒంటిమీది ప్రోటీన్ దాకా మనల్ని తీసుకెళ్తుంది. రచయిత్రి నా శిష్యురాలు. అయినా నా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది ఆ వాత్సల్యం కాదు, పుస్తకం తీర్చిన అవసరం.

వానలు తప్పితే అనంతపురం పల్లెలు బెంగళూరుకు వలసపోతాయి. ఎక్కడున్నా హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు రోజూ మాత్ర తప్పదు. బత్తలపల్లిలో ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఇలాంటివాళ్లకు ఏళ్లుగా వైద్యం చేస్తూ, ఆ అనుభవాన్ని పరిశోధనగానూ ప్రపంచం ముందుంచింది. ఈ సీమలో వైద్యులందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: “కరోనాకు ఏడాదిలోనే టీకా వచ్చె, దీనికేల రాలేదు సార్?”

జవాబు వైరస్ ఒంటిమీది ఆ ప్రోటీన్ ఆకారంలో ఉంది. మూడు జీపీ120, మూడు జీపీ41 అణువులు కలిస్తే ఒక కొమ్ము. అది మన సీడీ4 కణాన్ని పట్టుకోగానే రూపు మార్చుకుంటుంది. అప్పుడుగాని అదే కణం మీది సీసీఆర్5ను పట్టుకునే చోటు బయటపడదు. ఆ తర్వాత జీపీ41 వైరస్ పొరనూ కణం పొరనూ దగ్గరికి లాగి కలిపేస్తుంది. చెనిక్కాయ చెట్టుకు ఆకులు పైన, కాయలు మట్టిలో ఉన్నట్టు, మారే భాగాలు పైన, మారని కీలకస్థానం లోతున ఉంటాయని రచయిత్రి చెప్పిన తీరు నాకెంతో నచ్చింది.

జీపీ120 బరువులో దాదాపు సగం చక్కెర గొలుసులదే. వాటిని తయారుచేసేది మన కణాలే కాబట్టి రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా చూడదు. పైగా ఒక్కో వైరస్‌కు కొమ్ములు సగటున పది, పదిహేనే. దూరదూరంగా ఉన్న ఆ కొమ్ములను రెండు చేతుల యాంటీబాడీ ఒకేసారి పట్టుకోవడం కష్టం. పీటర్ క్వాంగ్, వేన్ హెండ్రిక్సన్ బృందం 1998లో జీపీ120 ప్రధాన భాగపు నిర్మాణాన్ని వెల్లడించాక దారి కనిపించింది. 2010లో బయటపడ్డ వీఆర్‌సీ01 యాంటీబాడీ, పరీక్షించిన హెచ్‌ఐవీ రకాల్లో దాదాపు 90 శాతాన్ని నిలువరించింది. అలాంటివి ఒంట్లో పుట్టడానికి ఏళ్లు పడుతుంది. వాటిని టీకాతో పుట్టించడమే మిగిలిన పని. థాయిలాండ్ టీకా ప్రయోగంలో 2009 నాటికి దక్కిన రక్షణ 31 శాతమే.

ఒక్క సూచన. మన దేశంలో ప్రబలంగా ఉన్నది సి ఉపరకం. పాశ్చాత్య ప్రయోగశాలల్లో తొలినాళ్ల పరిశోధన ఎక్కువగా బి మీద సాగింది. ఈ తేడా మీద మలిముద్రణలో ఒక అధ్యాయం చేర్చాలని కోరుతున్నాను.

ఈ ప్రోటీన్ పని తెలిసినవారు, చెయ్యి కలిపితేనో పక్కన కూర్చుని తింటేనో ఈ వైరస్ అంటదని కారణంతో సహా చెప్పగలరు. అందుకే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల కౌన్సెలర్లు, ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు దీన్ని తప్పక చదవాలి. రోగికి మాత్రతోపాటు అర్థమయ్యే జవాబు కూడా అందాలి. ఆ జవాబును మన భాషలో సమకూర్చిన రచయిత్రికి నా నిండు ఆశీస్సులు.

అనంతపురం