ఒకే సభ, ఒకే భాష, రెండు మార్కులు

శావల్యాపురము పల్నాడు జిల్లాలోని ఒక మండల కేంద్రము. వార్తలలో ఆ పేరు ఎల్లప్పుడు ఒకే రూపమున కనబడదు. 'శావల్యాపురంలో' వాన పడును. 'శావల్యాపురానికి' బస్సు పోవును. 'శావల్యాపురపు' పొలములలో పైరు పెరుగును. తెలుగు వచ్చిన పిల్లవానికి ఈ మూడును ఒకే ఊరు. కంప్యూటరునకు మాత్రము ఇవి మూడు వేరువేరు అక్షరముల వరుసలు.

వ్రాతలోని వ్యక్తుల, ఊళ్ళ, సంస్థల పేర్లను యంత్రముచే గుర్తింపజేయుట కృత్రిమ మేధా పరిశోధనలో ప్రసిద్ధమైన సమస్య. 2008 జనవరిలో హైదరాబాదులో సహజ భాషల కంప్యూటరు ప్రక్రియపై అంతర్జాతీయ సమ్మేళనము జరిగినది. దానికి అనుబంధముగా ఈ ఒక్క సమస్యపైననే ఒక ప్రత్యేక గోష్ఠిని ఏర్పరచిరి. ఇట్టి గోష్ఠిని 'వర్క్‌షాప్' అందురు. హిందీ, బెంగాలీ, ఒరియా, తెలుగు, ఉర్దూ అను ఐదు భాషలు దాని పోటీలో చోటు పొందినవి.

పోటీ పద్ధతి పాఠశాల పరీక్షవంటిదే. నిర్వాహకులు ముందుగా పేర్లు గుర్తుపెట్టిన పాఠములను బృందములకిత్తురు. వానితో యంత్రమునకు శిక్షణ జరుగును. పిమ్మట గుర్తులు లేని క్రొత్త పాఠములనిచ్చి, వచ్చిన జవాబులను దిద్దుదురు. మార్కు వేయుటలో రెండు సంగతులు చూతురు. ఒక పాఠములో 20 పేర్లున్నవనుకొందము. యంత్రము 10 మాటలను పేర్లని చెప్పగా అందు 6 సరియైనవి. చెప్పినవానిలో ఒప్పు నూటికి 60; ఉన్నవానిలో పట్టుబడినవి నూటికి 30. ఈ రెండింటి హరాత్మక మధ్యమము 40. అదియే మార్కు.

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. బృందము ప్రకటించిన ఫలితములివి: బెంగాలీ 65.96, హిందీ 65.13, ఒరియా 44.65, ఉర్దూ 35.47, తెలుగు 18.74. దీనిని చూచి తెలుగు యంత్రమునకు లొంగని భాషయని తీర్మానించుట తొందరపాటు. భాషాజ్ఞానము అవసరమైన సూత్రములను హిందీ, బెంగాలీలకు మాత్రమే తయారుచేయగలిగితిమనియు, తక్కిన భాషలకు గరిష్ఠ ఎంట్రొపీ అను గణిత పద్ధతిని మాత్రమే వాడితిమనియు ఆ బృందమే వ్రాసినది. ఈ నిజాయితీ మెచ్చదగినది. కాని పట్టికలో అంకె మిగులును. దాని వెనుకనున్న కారణము చదువరుల కంటబడదు.

శిక్షణకిచ్చిన పాఠము హిందీకి సుమారు 5 లక్షల మాటలు, తెలుగునకు సుమారు 64 వేలు. అయినను పరిమాణమొక్కటియే కారణము కాదు. ఉర్దూకు అంతకన్న తక్కువ పాఠమున్నను మార్కు ఎక్కువ వచ్చినది. హిందీ, ఉర్దూలలో విభక్తిని తెలుపు మాట చాలవరకు విడిగా నిలుచును. తెలుగులో అది పేరుతో కలిసి పేరు రూపమునే మార్చును. సూత్రములు లేని యంత్రమునకు ఇది పెద్ద చిక్కు.

అదే గోష్ఠిలో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన పి. శ్రీకాంత్, కవి నారాయణమూర్తి గారలు తెలుగుపైననే ఒక వ్యాసము సమర్పించిరి. వారు మొదట నామవాచకములను గుర్తించు సాధనమును, తరువాత సూత్రములపై నడచు పద్ధతిని నిర్మించి, దాని సాయమున 72,157 మాటల పాఠమును సిద్ధపరచిరి. ఈనాడు, ఆంధ్రప్రభ పత్రికల పాఠములపై పరీక్షింపగా వారికి 80 నుండి 97 వరకు మార్కులు వచ్చినవి.

ఒకే సభలో ఒకే భాషకు 18యు 97యు ఎట్లు వచ్చును? పరీక్షలు వేరు. పోటీలో హోదాలు, కొలతలు, కాలము, సంఖ్యలు మున్నగువానితో కూడి 12 రకములను గుర్తింపవలెను. రెండవ వ్యాసము ముఖ్యముగా వ్యక్తులు, స్థలములు, సంస్థలు అను మూడింటినే చేపట్టినది. పాఠములును వేరు. కనుక ఈ అంకెలను నేరుగా పోల్చరాదు. ఎక్కువ అంకెకు సంబరపడుట, తక్కువదానికి సిగ్గుపడుట రెండును తప్పే.

అందరికి ఒకే ప్రశ్నపత్రమిచ్చి, జవాబులను బహిరంగముగా దిద్దించుట ఈ గోష్ఠి చేసిన మేలు. అయితే భాష తెలిసినవారి సూత్రములను, గణితము తెలిసినవారి యంత్రమును ఒకే పాఠముపై నడిపి చూచినప్పుడే ఏది ఎంత తోడ్పడెనో తేలును. గోష్ఠి అసలు ప్రయోజనమదియే. వ్యాసములు చదివి విడిపోవుటకు పెద్ద సమ్మేళనము చాలును. ఇట్టి గోష్ఠులు నేటికిని జరుగుచున్నవి. 2024లో మాల్టాలో జరిగిన ద్రావిడభాషల గోష్ఠిలో తెలుగు, ఇంగ్లీషు కలిసిన వ్యాఖ్యలలోని ద్వేషభాషను గుర్తించు పోటీ నడచినది. అందును ఇదే నియమము వర్తించును.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలోనే చూపవచ్చును. ఒకే వార్తను రెండు జట్లకిచ్చి ఊరిపేర్లను గుర్తింపుమనవలెను. 'శావల్యాపురం' అను రూపమునే వెదకు జట్టునకు ఎన్ని దొరకునో, విభక్తులను విడదీసి వెదకు జట్టునకు ఎన్ని దొరకునో లెక్కింపవలెను. మార్కును చూచిన వెంటనే, అది ఏ ప్రశ్నపత్రముపై వచ్చినదని అడుగు అలవాటు విద్యార్థులకు అప్పుడు కలుగును.