పుణె బాలికా పాఠశాల

పుణె పట్టణమున 1848వ సంవత్సరమున భిడేవారి వాడాలో జ్యోతిరావు ఫూలే స్థాపించి, సావిత్రీబాయి పాఠములు చెప్పిన బాలికా పాఠశాలను గూర్చి వ్రాయువారు తఱచుగా వీథిలో ఆమెపై పేడయు బురదయు విసరిన కథతో నారంభించి, దానితోనే ముగింతురు. ఆ కథ మఱవదగినది కాదు. అయినను ఆమె ఘనతను సహనమునకే పరిమితము చేయుట న్యాయము కాదని మా యభిప్రాయము. ఆమె బోధించిన చదువేమి ఫలించినదో విచారింపవలదా?

జ్యోతిరావు తన యింటనే భార్యకు అక్షరములు నేర్పెను. ఆమె ఉపాధ్యాయ శిక్షణయు పొందెను. కావున ఈ బడికి పునాది ఆ యింటిలోనే పడినదనుట తగును. 1849లో తండ్రి యొత్తిడిచే ఆ దంపతులు ఇల్లు విడువవలసి వచ్చెను. అయినను పట్టు విడువక, 1851లో మరల బాలికల బడులు తెఱచిరి. ప్రభుత్వము వారిని 1852లో సన్మానించినమాట నిజమే. కాని ఆ సన్మానమునకు నాలుగేండ్లు ముందే బడి పుట్టినది. దొరతనమువారి యుత్తరువునకై వారు వేచియుండలేదు.

ఇక ఫలము. ఆ బడులలో చదివిన ముక్తాబాయి యను మాంగు కులపు బాలిక, మాంగుల యొక్కయు మహారుల యొక్కయు దుఃఖములను గూర్చి వ్రాసిన వ్యాసము 1855లో క్రైస్తవ మిషనరీల పత్రికయగు జ్ఞానోదయమున వెలువడెను. దానిని చిన్నపిల్ల వ్రాతయని ముద్దుగా మెచ్చుకొని విడుచుట తగదు. వేదములు బ్రాహ్మణులకే చెందినవన్నచో, ఇక మాకు మతగ్రంథమే లేదు గదా యని యామె వాదించినది. ప్రతిపక్షి మాటనే గ్రహించి అతనిపైనే త్రిప్పిన తర్కమిది. తలదాచుకొన కప్పైనను లేక ప్రసవించు తన కులపు స్త్రీల వేదనను చెప్పుచోట ఆమె వాక్యములలో అలంకారము లేదు, అక్కఱయు లేదు. తుదకు తనవారిని చదువుకొనుడని హెచ్చరించినది.

చదువనేర్చిన బాలిక తన స్థితిని తానే పరీక్షించి పలుకగలుగుటయే ఆ పాఠశాల గుణము. నేడు మన యిండ్లలో బాలికలను బడికి పంపుటకు వెనుదీయువారు తగ్గినారు. మంచిదే. కాని బడినుండి వచ్చిన కొమార్తె మన యింటి యాచారమునే ప్రశ్నించినప్పుడు మనము సంతోషించుచున్నామా, కసరి నోరు మూయించుచున్నామా? ఈ ప్రశ్నకు చదువరులు తమ యింటనే యుత్తరము వెదకుకొందురు గాక.