రాని పాత్రే నాటికకు నాయకుడు

తోటి రచయితల కొత్త నాటిక ఏదైనా చేతికొస్తే నేను ముందు పాత్రల పట్టిక చూస్తాను. నలుగురో ఐదుగురో ఉంటారు. ఆ పేర్లు చదివాక, పట్టికలో పేరు లేకుండా నాటికను నడిపిస్తున్నవాడు ఎవరా అని వెతుకుతూ చదవడం మొదలుపెడతాను. అప్పిచ్చిన షావుకారు కావచ్చు, పదేళ్లుగా ఇంటికి రాని కొడుకు కావచ్చు, పక్క గదిలో మంచాన పడి ఉన్న తల్లి కావచ్చు. వేదిక మీదికి రారు. కానీ వాళ్ల భయంతోనో ఆశతోనో వేదిక మీదివాళ్లు కదులుతుంటారు. అలాంటి మనిషి దొరికితే ఆ నాటిక సగం గట్టెక్కినట్టే. దొరక్కపోతే ఎంత మంచి సంభాషణ రాసినా అది చర్చాగోష్ఠిలాగే మిగులుతుంది.

ఈ మాట చోడవరంలో కూర్చుని అనడానికి కారణముంది. మొన్నమొన్నటిదాకా విశాఖ జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాకు మారిన ఊరు మాది. చుట్టూ చెరకు తోటలు, గోవాడ పంచదార ఫ్యాక్టరీ, మాడుగుల వైపు కొండలు. ఇక్కడి తీర్థాల్లో నాటకమంటే పద్యనాటకమే. బలిజేపల్లివారి సత్యహరిశ్చంద్ర పెడితే కాటిసీను అయ్యేసరికి తెల్లారుతుంది. అక్కడ అందరూ వేదిక మీదికి రావాల్సిందే, రాగం తియ్యాల్సిందే, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ తియ్యాల్సిందే. ఆ నాటకానికి రాత్రంతా చేతిలో ఉంది. నాటికకు ఉన్నది గంటలోపు సమయం. పరిషత్తులో అంతకు మించనివ్వరు. సెట్టు మార్చుకునే వీలుండదు కనుక ఒకే గది, ఒకే అరుగు, ఒకే బస్టాపు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1909లో గురజాడ దాన్ని ఎంత పెంచి రాశారంటే, ఉన్నదున్నట్టు ఆడాలంటే ఒక పూట చాలదు. మా వైపు నాటక రచయితలందరికీ పెద్ద దిక్కు ఆయనే. అయితే నాటిక రాసేవాడు ఆయన దగ్గర మాట నేర్చుకోవాలి, కొలత మాత్రం ఇంకోచోట నేర్చుకోవాలి.

ఆ ఇంకోచోటు ఏదంటే చాలామంది ఇంగ్లీషు ఏకాంక నాటకాల పేరు చెబుతారు. నిజమే, ఇరవయ్యో శతాబ్దంలో మనవాళ్లు వాటిని చదివే ఏకాంకికలు మొదలుపెట్టారు. ముద్దుకృష్ణ టీకప్పులో తుఫాను ఆ తొలి రోజులది. కానీ రాని మనిషిని ఆడించే విద్య మనకు అంతకన్నా పాతది. నాట్యశాస్త్రం చెప్పిన పది రూపకాల్లో భాణం, వ్యాయోగం, అంకం, వీథి ఏకాంకాలే. భాణంలో ఒకే నటుడు ఉంటాడు. ఎదుట లేని మనిషితో మాట్లాడతాడు, “ఏమంటున్నావూ?” అని తనే అడిగి, ఆ జవాబు తనే మనకు వినిపిస్తాడు. దాన్ని ఆకాశభాషితం అన్నారు. వీథి అనగానే తెలుగువాడికి క్రీడాభిరామం గుర్తుకు రావాలి. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఇద్దరూ ఓరుగల్లు వీధులు చుట్టబెడతారు. కోటలు, పూటకూళ్ల ఇళ్లు, కోడిపందేలు, మొత్తం నగరం ఆ ఇద్దరి మాటల్లోనే కళ్లకు కడుతుంది. ఇవాళ ఇద్దరు పాత్రధారులతో నాటిక రాస్తున్నవాళ్లు ఆ పుస్తకం ఒక్కసారి తిరగేస్తే చాలు, సెట్టు ఖర్చు సగం తగ్గుతుంది.

భాసుడి ఊరుభంగం సంగతి ఇంకాస్త చెప్పాలి. భీమ దుర్యోధనుల గదాయుద్ధం ఆ ఏకాంకానికి మూలం. అంత పెద్ద యుద్ధాన్ని భాసుడు వేదిక మీద చూపించడు. ముగ్గురు భటులు నిలబడి, జరుగుతున్నదాన్ని చూస్తూ చెబుతుంటారు. తొడలు విరిగిన తర్వాతే దుర్యోధనుడు వస్తాడు, పాకుతూ. చిన్న కొడుకు దుర్జయుడు పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చుంటానంటాడు. ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి తండ్రికి తొడలు లేవు. గద దెబ్బ మనకు తగిలేది అక్కడ. భీముడు కొట్టినప్పుడు మనం చూడలేదు కనుకనే పిల్లవాడు అడిగినప్పుడు అంత గట్టిగా తగులుతుంది. నాటిక రచనకు పాఠ్యపుస్తకం ఒకటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. విచిత్రమేమంటే ఈ భాస నాటకాలు తిరువనంతపురంలో గణపతిశాస్త్రి అచ్చువేసేదాకా, అంటే 1912 దాకా, లోకానికి దొరకలేదు. అదే కాలంలో సముద్రాలకు అవతల ఐర్లండులో సింజ్ అనే ఆయన రైడర్స్ టు ది సీ ఆడించాడు, 1904లో. అందులో ఒక ముసలితల్లి కొడుకులందరినీ సముద్రం తీసుకుపోతుంది. సముద్రం ఎక్కడా కనబడదు. గది, రాట్నం, గోడకు ఆనించిన కొత్త చెక్కపలకలు, అంతే. దూరాన కొట్టుకొచ్చిన శవం ఎవరిదో చెల్లెలు తేల్చేది మేజోడు అల్లికలో తను వదిలేసిన కుట్లు లెక్కపెట్టి. ఈ నాటిక మన పూడిమడక రేవులో ఆడితే ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

మన దగ్గర రాని పాత్ర పుట్టడానికి కళతో పాటు కాసుల లెక్క కూడా ఉంది. చెప్పుకోవడానికి మొహమాటపడతాం గానీ, మా వైపు సమాజాలకు నటీమణి దొరకడం కష్టం. దొరికితే ప్రయాణం, బస, పారితోషికం అన్నీ కలిపి బడ్జెట్లో పెద్ద ముక్క ఆమెకే పోతుంది. అందుకని రచయితకు ముందే చెప్పేస్తారు, ఒక్క ఆడపాత్రే రాయండి అని. అప్పుడేమవుతుంది? ఇంట్లో భార్య ఉంటే తల్లి వంటింట్లో ఉండిపోతుంది, తల్లి ఉంటే కూతురు కాలేజీకి వెళ్లిపోతుంది. చేతకాని రచయిత దగ్గర ఆ వంటింటి మనిషి వట్టి సాకు. చేతనైన రచయిత దగ్గర ఆ వంటింట్లోంచి గిన్నె పడిన చప్పుడొక్కటి వినిపిస్తే హాలంతా అటు తిరుగుతుంది.

ఎలా చేస్తారన్నది నమూనాతో చెప్పడమే సులువు. ఒక ఇంట్లో అప్పుంది, అప్పులవాడు వచ్చే రోజు. కొత్తగా రాసేవాడు భర్తచేత ఎంత అప్పు, ఎవరి దగ్గర, ఏ వడ్డీకి, ఎందుకు చేశాడో పేజీన్నర చెప్పిస్తాడు. అది వినేసరికి ప్రేక్షకుడు సెల్‌ఫోను తీస్తాడు. అనుభవమున్నవాడు ఇలా మొదలుపెడతాడు:

“తలుపు సప్పుడయినట్టుంది.”

“గాలిలే.”

“గాలికైతే నీ సెప్పులు పెరటి గుమ్మం కాడికెందుకెల్లిపోయాయి?”

అప్పు అన్న మాటే లేదు. షావుకారు మాత్రం ఇంట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఈ భార్యాభర్తల్లో ఎవరికి నోరుందో, ఎవరికి పిరికితనముందో, ఇది మొదటిసారి కాదన్న సంగతీ మూడు వాక్యాల్లో తెలిసిపోయింది. దర్శకుడికి కూడా పని దొరికింది. చెప్పులు ఎక్కడ పెట్టాలి, ఆమె వాటిని ముందే చూసిందా, ఇప్పుడు చూసిందా?

ఈ మూడు వాక్యాలూ మా యాసలో ఉండడం నాకు ముఖ్యం. గురజాడ మొదలుపెట్టినదాన్ని రావిశాస్త్రి కోర్టుల దాకా, సారా కొట్ల దాకా తీసుకెళ్లారు. వృత్తికి వకీలు కనుక సాక్షి ఏం చెప్పాడన్నదానికన్నా ఏం మింగేశాడన్నది ఆయనకు బాగా వినబడేది. నిజం నాటకం రాసింది ఆ చెవే. మన పరిషత్తుల్లో ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాసను పనిమనిషికో తాగుబోతుకో కేటాయించి, ఇంటి యజమానిచేత మాత్రం వార్తలు చదివినట్టు మాట్లాడించే నాటికలు వస్తున్నాయి. వాటికి రచన బహుమతి వచ్చినా నేను మెచ్చుకోలేను. యాస నవ్వించడానికని ముందే అనుకుంటే, ఆ యాసలో ఏడ్చే మనిషి దగ్గర ప్రేక్షకుడికి ఏం చెయ్యాలో తోచదు.

మా ప్రాంతం నాటికకు ఇచ్చినవాళ్లలో గణేశ్ పాత్రో పేరు ముందు చెప్పాలి. పార్వతీపురం వైపు మనిషి. తర్వాత సినిమా రచయితగా మద్రాసులో పేరు తెచ్చుకున్నారు గానీ, నాటిక రాసేవాళ్లకు ఆయన కొడుకు పుట్టాల రచయిత. కుటుంబ నియంత్రణ ప్రచారం గోడలమీద ఎర్ర త్రికోణమై ఉన్న కాలంలో ఆ ఇతివృత్తం ఎవరి చేతికిచ్చినా నినాదమయ్యేది. ఆయన చేతిలో అది ఇల్లయింది. పేరు చూడండి. అందులో ఉన్న కొడుకు ఇంకా పుట్టలేదు. పుట్టని వాడి కోసం పుట్టినవాళ్లందరూ ఏమైపోతున్నారన్నదే ఆట. రాని పాత్రకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలుగులో దొరకదని నా నమ్మకం. ఆకాశవాణి దాన్ని ఇతర భారతీయ భాషల్లోకి కూడా తీసుకెళ్లింది.

ఆకాశవాణి అంటే గొల్లపూడి మారుతీరావు గుర్తొస్తారు. విజయనగరంలో పుట్టి విశాఖలో చదివి, ఏళ్లతరబడి రేడియోలో పనిచేశారు. రేడియో నాటికలో అందరూ రాని పాత్రలే. అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, గొంతులో తడి, ఇవే మనుషులు. అలా చెవికి రాయడం అలవాటైనవాడు కళ్లు అనే నాటిక రాయడంలో ఆశ్చర్యం లేదు. గుడ్డి బిచ్చగాళ్ల మధ్య ఒకడికి చూపొస్తుంది, చూపుతోపాటు స్వార్థమూ వస్తుంది. 1988లో ఎం.వి. రఘు దాన్ని సినిమా తీశారు. బాగానే తీశారు. కానీ వేదిక మీద ఆ నాటికకున్న సౌకర్యం కెమెరాకు లేదు. వేదిక మీద మనం వాళ్లను చూస్తున్నాం, వాళ్లు దేన్నీ చూడడం లేదు. వాళ్లున్న ఊరు, రోడ్డు, దయ చూపేవాడి ముఖం అన్నీ వాళ్లకు రాని పాత్రలే. సినిమాలో ఊరు కనబడక తప్పదు.

ఈ ఇద్దరికీ ముందు ఒక వాతావరణముంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి కాలేజీల మధ్య ఏకాంకికల పోటీలు పెట్టించి, కుర్రాళ్లచేత నాటికలు రాయించి ఆడించారు. పోటీ కాలేజీలది కనుక రాసేవాడు, ఆడేవాడు, చూసేవాడు ఒకే వయసువాళ్లు. పెద్దవాళ్లు మెచ్చుకుంటారో లేదో అన్న బెదురు తక్కువ. తెనాలిలో 1929లో పుట్టిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, 1998 నుంచి ప్రభుత్వం జరిపిన నంది నాటకోత్సవాలు పోటీని ఊరూరికీ తెచ్చాయి. పోటీ వల్ల మేలూ జరిగింది, చెడూ జరిగింది. మేలంటే నాటిక బతికింది. చెడంటే బహుమతికి సరిపడే కొలతలు తయారయ్యాయి. చివరి ఐదు నిమిషాల్లో పెద్దాయన పాత్ర ముందుకొచ్చి, పైనుంచి వేలాడే మైకు కిందికి సరిగ్గా చేరుకుని, సమాజానికి సందేశం చెప్పేస్తాడు. న్యాయనిర్ణేతల వరుసలో కూర్చున్నప్పుడు ఆ నడక మొదలవగానే నాకు తెలిసిపోతుంది, ఇక రచయిత తన పాత్రలను నమ్మడం మానేశాడని.

ఇప్పటి కొత్త నాటికల్లో నాకు ముచ్చటేసేది ఫోను. దాన్ని తిట్టేవాళ్లున్నారు, వేదిక మీద ఎవరో ఒకరు చెవికి ఫోను పెట్టుకుని తిరుగుతున్నారని. నాకైతే భాణం తిరిగొచ్చినట్టనిపిస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకుతో తండ్రి మాట్లాడతాడు. కొడుకు మాట మనకు వినబడదు. “ఆ... ఆ... లేదు నాన్నా, బాగానే ఉన్నాం... దగ్గా? ఎక్కడిది? టీవీలోది” అని తండ్రి అంటాడు, పక్క మంచం మీద భార్య దగ్గుతూనే ఉంటుంది. ఆకాశభాషితం ఇదే. దీన్ని ఎవరూ నేర్పకుండానే, అవసరంకొద్దీ, ఇవాళ్టి రచయితలు మళ్లీ కనిపెట్టారు. ఫోను పెట్టేశాక తండ్రి ముఖం మీద ఎంతసేపు వెలుతురుంచాలో తెలిసిన దర్శకుడు దొరికితే ఇక సంభాషణ అక్కర్లేదు.

అయితే చాలా ప్రదర్శనల్లో ఆ కొడుకు గొంతును ముందే రికార్డు చేసి స్పీకర్లలో వినిపిస్తున్నారు. నాకు పెద్ద పేచీ ఇక్కడే. జనానికి అర్థం కాదేమోనన్న భయం దర్శకుడిది. తీర్థంలో చాపమీద కూర్చున్న జనం హరిశ్చంద్రుడి పద్యంలో సంస్కృత సమాసానికి తల ఊపుతారు, వాళ్లకు ఫోను అవతలి మాట ఊహకందదా? గొంతు వినిపించిన మరుక్షణం ఆ కొడుకు మామూలు కుర్రాడైపోతాడు. అంతవరకు ప్రతి తండ్రీ తన కొడుకు గొంతునే అక్కడ పెట్టుకుని వింటున్నాడు. ఇటీవల ఒక మిత్రుడి రాతప్రతి చదివినప్పుడు, స్పీకరు గొంతు రాసినచోట పెన్సిలుతో గీత పెట్టి, తండ్రి మాటలు మాత్రం ఉంచి ఆడించి చూడమన్నాను. ఒప్పుకోలేదు, సగం ఒప్పుకున్నాడు: మొదటి కాల్‌కు గొంతుండదు, రెండో కాల్‌కు ఉంటుందట. రిహార్సల్లో రెండూ విని తేల్చుకుందామని అనుకున్నాం.